జపాన్ మ్యాప్ విసనకర్ర ఏ కాలానిది? పటంలోని సరిహద్దులు చూసి తేల్చడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యాప్ అచ్చు వేసిన జపాన్ మడత విసనకర్రలు పాత వస్తువుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్ వేలాల్లోనూ తరచు కనిపిస్తాయి. అమ్మేవాళ్ళు చాలామంది కింద "ఎడో కాలం" (1868కి ముందు కాలం) అనో, "19వ శతాబ్దం" అనో రాసి వదిలేస్తారు. ఆ మాట నమ్మి డబ్బు పెట్టే ముందు పటాన్ని ఒకసారి నింపాదిగా చూడండి. వస్తువు వయసు చాలాసార్లు దాని మీదే అచ్చై ఉంటుంది.

సరిహద్దు గీతలు చూసి నిజంగా సంవత్సరం చెప్పగలమా?

ఒక్కోసారి రెండు మూడేళ్ళ తేడాతో చెప్పగలం. ఎక్కువసార్లు పది, పదిహేనేళ్ళ కాలం తేలుతుంది. 1855 నుంచి 1945 వరకు జపాన్ సరిహద్దు మళ్ళీ మళ్ళీ మారింది. మారిన ప్రతిసారీ కొత్త పటాలు అచ్చయ్యాయి. దుకాణాల వాళ్ళు ఎండాకాలంలో ఖాతాదారులకు పంచిన ప్రకటన విసనకర్రల మీద కూడా ఆ కొత్త పటాలే ఎక్కాయి.

అయితే ఒక నియమం గుర్తుంచుకోవాలి. పటంలో ఒక సరిహద్దు ఉంటే, ఆ వస్తువు ఆ సంఘటనకు ముందుది కాదని గట్టిగా చెప్పొచ్చు. సరిహద్దు లేకపోతే మాత్రం దానికి ముందుదేనని అంత గట్టిగా చెప్పలేం. అచ్చువాడు పాత అచ్చునే వాడి ఉండొచ్చు, చోటు చాలక వదిలేసి ఉండొచ్చు. ఉన్నది బలమైన సాక్ష్యం, లేనిది బలహీనమైన సాక్ష్యం. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదట పటంలో ఎక్కడ చూడాలి?

నేనైతే ముందు కొరియా రంగు చూస్తాను. తర్వాత పైన సఖాలిన్, ఈశాన్యంలో కురిల్ దీవులు, కింద తైవాన్, చివరికి చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియా. ఈ ఐదు చోట్లు చూసేసరికి కాలం సగం తేలిపోతుంది. జపాన్ ప్రధాన దీవుల లోపలి గీతలు ఆ తర్వాత చూడొచ్చు.

కొరియా, జపాన్ ఒకే రంగులో ఉన్నాయి. అంటే?

1910 ఆగస్టు తర్వాతిది. ఆ నెల 22న విలీన ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 29న అమల్లోకి వచ్చింది. రంగుతో పాటు పేర్లు కూడా చూడండి. 1897 నుంచి 1910 వరకు జపాన్ పటాల్లో ఆ దేశం కాంకోకు. అంతకుముందూ, విలీనం తర్వాతా చోసెన్. సియోల్‌కు 1910 తర్వాత కేజో అని పేరు పెట్టారు. కొరియా వేరే రంగులో ఉండి పేరు కాంకోకు అని ఉంటే ఆ పదమూడేళ్ళలోదే అయ్యే అవకాశం ఎక్కువ.

1905 నవంబరులోనే కొరియా జపాన్ రక్షిత రాజ్యమైంది కాబట్టి, 1905–1910 మధ్య కొన్ని పటాల్లో కొరియాకు జపాన్ రంగే పలచగా వేసి ఉండొచ్చు. పలచటి రంగు చూసి వెంటనే 1910 తర్వాతదని తీర్మానించకండి.

తైవాన్ జపాన్‌లాగే ఎర్రగా ఉంది, కొరియా లేదు. 1895–1910 మధ్యదని రాసేయొచ్చా?

రాయొచ్చు. కానీ ఇక్కడ ఇంకొంచెం దగ్గరగా చూస్తే మరింత బాగా తేలుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

1895 ఏప్రిల్ 17న షిమోనోసెకి ఒప్పందంలో చైనా తైవాన్‌ను, పెంఘు దీవులను, లియావోదొంగ్ ద్వీపకల్పాన్ని జపాన్‌కు ఇచ్చింది. రోజుల వ్యవధిలోనే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి ఒత్తిడి తెచ్చాయి. జపాన్ లియావోదొంగ్ వదులుకోక తప్పలేదు. ఆ ఏడాది నవంబరులో తిరిగి ఇచ్చే ఒప్పందం కుదిరింది. అంటే లియావోదొంగ్‌ను జపాన్ రంగులో వేసిన పటం 1895 ఎండాకాలంలో మాత్రమే సరైన పటం. విసనకర్రలు పంచేది కూడా ఆ కాలంలోనే కదా.

1905లో రష్యాతో కుదిరిన పోర్ట్స్‌మత్ ఒప్పందంతో జపాన్ మళ్ళీ అక్కడికే వచ్చింది. ఈసారి కౌలు హక్కు మాత్రమే, అదీ కొస వరకే. ఈ రెంటికీ తేడా రంగు ఎంత మేర ఉందో చూస్తే తెలుస్తుంది. 1895 ఒప్పందం ప్రకారం రంగు యాలు నది ముఖద్వారం దగ్గర మొదలై ఫెంగ్‌హువాంగ్, హైచెంగ్, యింగ్‌కో ఊళ్ళ మీదుగా వెడల్పుగా సాగుతుంది, కొరియా సరిహద్దును తాకుతుంది. 1905 తర్వాత అయితే పోర్ట్ ఆర్థర్, దాయిరెన్ ఉన్న చిన్న మొన మాత్రమే రంగులో ఉంటుంది, కొరియాను తాకదు. భూతద్దం పట్టుకుని ఆ రంగు కొరియా దాకా వెళ్ళిందో లేదో చూడండి. పదేళ్ళ తేడా ఆ కాస్త చోటులో తేలుతుంది.

సఖాలిన్, కురిల్ దీవుల సంగతి ఏమిటి? అక్కడే అందరూ తికమక పడుతున్నారు.

తికమక సహజమే, ఎందుకంటే ఒకే గీత రెండు వేర్వేరు కాలాల్లో కనిపిస్తుంది. వరసగా చూద్దాం.

1855 ఫిబ్రవరిలో షిమోదా ఒప్పందంతో రష్యా, జపాన్ మధ్య గీత కురిల్ దీవుల్లోని ఎతోరోఫు, ఉరుప్పు మధ్య పడింది. సఖాలిన్‌లో గీత గీయలేదు, ఇద్దరి జనమూ అక్కడ ఉండొచ్చన్నారు. 1875 మే నెలలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఒప్పందంతో సఖాలిన్ మొత్తం రష్యాకు, కురిల్ దీవులన్నీ కమ్చట్కా పక్కనున్న షుమ్‌షు దాకా జపాన్‌కు వెళ్ళాయి. 1905లో పోర్ట్స్‌మత్ ఒప్పందంతో సఖాలిన్ దక్షిణ భాగం, అంటే 50వ అక్షాంశానికి కింది సగం, జపాన్‌కు వచ్చింది. దానికి కరఫుతో అని పేరు. 1945లో సోవియట్ సైన్యం అదంతా పట్టుకుంది.

కాబట్టి దీవుల దండ మొత్తం జపాన్ రంగులో ఉండి, సఖాలిన్ మాత్రం పూర్తిగా వేరే రంగులో ఉంటే 1875–1905. సఖాలిన్ మధ్యలో అడ్డంగా తిన్నటి గీత ఉండి కింది సగం ఎర్రగా ఉంటే 1905–1945. ఇంత తేలికగా గుర్తుపట్టే సరిహద్దు ఈ పటాల్లో ఇంకోటి లేదు.

చిక్కు ఎక్కడంటే, ఎతోరోఫు, ఉరుప్పు మధ్య గీత 1855–75 పటాల్లో ఉంటుంది, 1945 తర్వాత జపాన్‌లో అచ్చైన పటాల్లోనూ ఉంటుంది. ఎతోరోఫు దాకా తమదేనన్నది జపాన్ ఇప్పటికీ చెప్పే మాట. రెంటినీ విడదీయాలంటే సఖాలిన్ చూడాలి. యుద్ధం తర్వాతి జపాన్ పటాల్లో 50వ అక్షాంశం గీత అలాగే ఉంచి, దక్షిణ సఖాలిన్‌ను, ఉరుప్పు నుంచి పైనున్న దీవులను తెల్లగా వదిలేయడం మామూలు. 1855–75 పటంలో ఆ అడ్డగీతే ఉండదు.

ఇంకా పాత పటాలకు వేరే గుర్తు ఉంది. జపాన్ అన్వేషకుడు మామియా రింజో 1808–09లో వెళ్ళి చూసి, సఖాలిన్ ఒక దీవి అని తేల్చాడు. అది ఆసియా నేలకు అంటుకుని ద్వీపకల్పంలా ఉంటే ఆ పటానికి ఆధారమైన సమాచారం అంతకుముందుది. సమాచారం పాతదైనంత మాత్రాన వస్తువు కూడా అంత పాతదని మాత్రం అనుకోకండి.

నా విసనకర్ర మీద జపాన్ ప్రధాన దీవులే ఉన్నాయి. బయటి సరిహద్దులేవీ లేవు. ఇక దారి లేదా?

ఉంది. లోపలి గీతలు లెక్కకు వస్తాయి. ఎడో కాలంలో జపాన్ 66 పాత ప్రాంతాలు, ఇకి, త్సుషిమా దీవులు కలిపి 68గా ఉండేది. అచ్చు పటాల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగు వేసేవారు. హొక్కాయిడోను అప్పుడు ఎజో అనేవారు. చాలా పటాల్లో పై అంచున దాని దక్షిణపు కొస, అంటే మత్సుమాయే ప్రాంతం మాత్రమే తొంగి చూస్తుంటుంది.

హొన్‌షూ దీవి ఉత్తరపు చివర చూడండి. ముత్సు, దేవా అనే రెండు పెద్ద ప్రాంతాలు కనిపిస్తే పాత విభజన. 1869 జనవరిలో ముత్సును ఐదుగా, దేవాను రెండుగా విడగొట్టారు. ఆ చివర ఏడు ముక్కలుంటే 1869కి ముందుది కాదు. అదే ఏడాది ఎజోకు హొక్కాయిడో అని పేరు పెట్టి 11 ప్రాంతాలుగా విభజించారు. రాజధాని పేరు కూడా చూడండి. ఎడో 1868లో టోక్యో అయింది.

పాత ప్రాంతాల గీతలు మెయిజీ కాలం (1868–1912) నడిచినంత కాలం పటాల్లో కొనసాగాయి, కొత్త జిల్లాల గీతల పక్కనే. కేవలం పాత ప్రాంతాలు కనిపించాయని "ఎడో కాలం" అనేస్తే పొరపాటే. అమ్మకపు ప్రకటనల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. కొనేవాళ్ళు దీనివల్లే ఎక్కువ నష్టపోతున్నారు.

కొత్త జిల్లాల గీతలుంటే?

1871 ఆగస్టులో పాత సంస్థానాలను రద్దు చేసి కెన్‌లు, ఫులు అనే కొత్త జిల్లాలు ఏర్పాటు చేశారు. మొదట 300 దాటిన వీటిని ఆ ఏడాది చివరికే 75కి, 1876లో 38కి తగ్గించారు. తర్వాత మళ్ళీ కొన్ని విడిపోయాయి. విసనకర్ర మీద చూడటానికి వీలైనవి ఇవి: షికోకు దీవిలో తోకుషిమా 1880లో కోచి నుంచి, కగావా 1888 డిసెంబరులో ఎహిమే నుంచి విడిపోయాయి. నారా 1887లో ఒసాకా నుంచి, మియజాకి 1883లో కగోషిమా నుంచి వేరుపడ్డాయి. షికోకులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టండి. రెండే ఉంటే 1876–80, మూడుంటే 1880–88, నాలుగుంటే 1888 తర్వాత. మూడు, నాలుగు జిల్లాలు 1876కి ముందు కొంతకాలం కూడా కనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క లెక్కతో తీర్మానించకండి.

హొక్కాయిడో 1882 నుంచి 1886 వరకు మాత్రమే హకొదాతే, సప్పోరో, నెమురో అనే మూడు కెన్‌లుగా ఉంది. ఆ మూడు ముక్కల హొక్కాయిడో దొరికితే నాలుగేళ్ళ కాలం చేతిలో పడినట్టే.

ఒకినావా పటంలో లేదు. 1879కి ముందుదా?

ఆ ఒక్క కారణంతో చెప్పొద్దు. ర్యూక్యూ రాజ్యాన్ని 1872లో జపాన్ సంస్థానంగా ప్రకటించారు, 1879లో ఒకినావా కెన్‌గా మార్చారు. కానీ విసనకర్ర కాగితం అర్ధచంద్రంలా వంగి ఉంటుంది. దాని మీద జపాన్‌ను పట్టించడమే కష్టం. దీవులను సాగదీస్తారు, వంచుతారు, హొక్కాయిడోను కుదిస్తారు, దక్షిణాది దీవులను మూలన ఒక చిన్న పెట్టెలో పెడతారు లేదా వదిలేస్తారు. 1876లో జపాన్ తనదని ఖాయం చేసుకున్న ఒగసవారా దీవులదీ ఇదే పరిస్థితి. లేనిది బలహీనమైన సాక్ష్యం అన్నది ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే.

మంచూరియా వేరే రంగులో, దాని మీద జెండా కూడా ఉంది. ఏ కాలం?

మంచూరియాలో జపాన్ నిలబెట్టిన మంచుకువో రాజ్యం 1932 మార్చి 1న ఏర్పడింది, 1945లో పోయింది. దాని రాజధాని చాంగ్‌చున్‌కు షిన్‌క్యో అని పేరు పెట్టారు. నైరుతి మూలన రెహె ప్రాంతం కలిసి ఉంటే 1933 తర్వాతి పరిస్థితి.

జెండాతో జాగ్రత్త. ఐదు రంగుల జెండాలు రెండున్నాయి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు పట్టీలు అడ్డంగా సమానంగా ఉంటే అది 1912–28 నాటి చైనా గణతంత్రానిది. జెండా అంతా పసుపు పచ్చగా ఉండి, పై మూలలో మాత్రం ఎరుపు, నీలం, తెలుపు, నలుపు పట్టీలుంటే మంచుకువోది. జపాన్ జెండా పక్కన జర్మనీ, ఇటలీ జెండాలు కూడా కలిసి ఉంటే 1930ల చివరిది లేదా 1940ల మొదటిది. సింగపూర్‌ను షోనాన్ అని రాసి ఉంటే 1942 ఫిబ్రవరికి ముందుది కాదు.

ఈ విసనకర్రలు చూస్తున్నప్పుడు ఒక సంగతి మరిచిపోకూడదని నా అభిప్రాయం. గాలి విసురుకునే వస్తువు మీద ఆ ఎర్ర రంగు పరుచుకుంటూ పోయిన ప్రతి చోటా మనుషులున్నారు. కొరియాలో, తైవాన్‌లో, చైనాలో ఆ రంగు కింద బతికినవాళ్ళకు ఇది అందమైన పాత వస్తువు మాత్రమే కాదు. కాలం సరిగ్గా రాయాలని నేను పట్టుబట్టడానికి అది కూడా ఒక కారణం.

పసిఫిక్ సముద్రంలో చుక్కల గీతతో పెద్ద పెట్టె ఉంది. ఏమిటది?

మరియానా, కరోలిన్, మార్షల్ దీవులు. జర్మనీ చేతిలో ఉన్న వీటిని జపాన్ 1914లో పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి పాలనా బాధ్యత అప్పగించింది. 1922లో పలావులోని కొరోర్‌లో పరిపాలన కార్యాలయం పెట్టారు. చుక్కల గీత గువామ్‌ను బయటికి వదిలేసిందో లేదో చూడండి. గువామ్ అమెరికాది. జాగ్రత్తగా గీసిన పటమైతే దాని చుట్టూ గీత ప్రత్యేకంగా తిరుగుతుంది.

ప్రపంచ పటం ఉన్న విసనకర్ర అయితే?

పని ఇంకా సులువు. అలాస్కా రష్యా రంగులో ఉంటే ఆ సమాచారం 1867కి ముందుది. పోలండ్ ఉంటే 1918 తర్వాతది. పర్షియా పేరు ఇరాన్ అయి ఉంటే 1935 తర్వాతది, సియామ్ పేరు థాయ్‌లాండ్ అయితే 1939 తర్వాతది. మనవైపు కూడా ఒక మంచి గుర్తు ఉంది. బర్మాను 1937 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియా నుంచి వేరు చేశారు. రెండూ బ్రిటన్ రంగులోనే ఉంటాయి కాబట్టి రంగు చూసి లాభం లేదు, మధ్యలో గీత ఉందా అని చూడాలి. ఓడల కంపెనీల విసనకర్రల మీద సముద్ర మార్గాలుంటాయి. జపాన్ నుంచి బొంబాయికి నిప్పాన్ యూసెన్ కంపెనీ ఓడలు 1893లో మొదలయ్యాయి.

ఒక ఉదాహరణతో మొత్తం చూపిస్తారా?

ఇలాంటిది చేతికొచ్చిందనుకోండి: కొరియా, తైవాన్, దక్షిణ సఖాలిన్ ఎర్రగా ఉన్నాయి. లియావోదొంగ్ మొన ఎర్రగా ఉంది. పసిఫిక్‌లో చుక్కల పెట్టె ఉంది. మంచూరియా తెల్లగా, దాని మధ్య రైలు గీత మాత్రం ఉంది.

కొరియా వల్ల 1910 తర్వాత. చుక్కల పెట్టె వల్ల 1914 తర్వాత, బహుశా 1920ల్లోకి. మంచూరియా తెల్లగా ఉంది కాబట్టి 1932కి ముందు కావచ్చు, కానీ ఇది లేనిదాని మీద ఆధారపడిన మాట. దీన్ని గట్టి చేసుకోవడానికి రైలు గీతలు చూస్తాను. టోక్యో నుంచి పడమటికి వెళ్ళే తొకైదో రైలు మార్గం 1934 డిసెంబరు దాకా ఫుజి కొండకు తూర్పు పక్క నుంచి గొతెంబా మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. తన్నా సొరంగం తెరిచాక అతామి మీదుగా తిన్నగా వెళ్ళింది. మన విసనకర్రలో గీత గొతెంబా వైపు వంగి ఉంటే, రెండు వేర్వేరు ఆధారాలు ఒకే మాట చెబుతున్నట్టు. "బహుశా 1920లు, 1932 మొదటి నెలల లోపు" అని రాయొచ్చు.

జపనీస్ చదవడం రాదు. అక్షరాలు చూసి ఏమైనా పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. అడ్డంగా రాసిన పేర్లు కుడి నుంచి ఎడమకు ఉంటే సాధారణంగా 1940ల మధ్య లోపుది. 1946 తర్వాత చాలా అక్షరాలను గీతలు తగ్గించి సులభం చేశారు, కాబట్టి కిక్కిరిసిన అక్షరాలు పాత కాలాన్ని సూచిస్తాయి.

ఎక్కడైనా తేదీ ఉంటే చక్రవర్తి పాలనా సంవత్సరంలో ఉంటుంది. మెయిజీ సంవత్సరానికి 1867, తైషోకు 1911, షోవాకు 1925 కలపండి. మెయిజీ 28 అంటే 1895, షోవా 7 అంటే 1932. నాలుగంకెల్లో 2600 లాంటి సంఖ్య కనిపిస్తే కంగారు పడకండి. అది జపాన్ సామ్రాజ్య శకం, 660 తీసేస్తే 1940. దుకాణం ప్రకటనలో టెలిఫోన్ నంబరు ఉంటే 1890 తర్వాతది, జపాన్‌లో టెలిఫోన్ సేవ మొదలైంది అప్పుడే. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్‌లు అచ్చు అక్షరాలను ఫర్వాలేదనిపించేలా చదువుతాయి, చేతిరాత లాంటి పాత లిపి దగ్గర చేతులెత్తేస్తాయి.

వెనక ఇంగ్లీషులో "నిప్పాన్" అని ముద్ర ఉంటే అమెరికాకు ఎగుమతి చేసిన సరుకు, సుమారు 1891–1921. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే అమెరికా ఆక్రమణ కాలం, 1952 లోపు.

పటం పాతది, విసనకర్ర కొత్తది అయ్యే అవకాశం ఉందా?

చాలా ఉంది. సరిహద్దులు చెప్పేది పటం వయసు. కాగితం, సిరా చెప్పేది వస్తువు వయసు. రెండూ చూడకుండా డబ్బు ఇవ్వకండి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద చెక్క అచ్చు రంగు నిండుగా, కాగితం పీచులోకి ఇంకినట్టు ఉంటుంది. క్రమంగా పేర్చిన చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది ఫొటో పద్ధతి ముద్రణ. ఎడో కాలం పటం చుక్కల్లో కనిపించిందంటే అది నకలే, ఇక చర్చ లేదు. కొట్టొచ్చే ఊదా, ఎరుపు రసాయన రంగులు జపాన్‌లోకి వచ్చింది 1860ల నుంచే. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే కాగితం తెల్లటి నీలంగా మెరిసిందా? అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాగితం.

పుల్లలను మాత్రం ఎక్కువ నమ్మొద్దు. వెదురు పుల్లలు విరిగితే కొత్తవి వేసి పాత కాగితాన్నే మళ్ళీ ఎక్కించేవారు. కాగితం విప్పి ఆల్బమ్‌లో అతికించి దాచుకున్నవీ ఉన్నాయి. పటంలోని మడతలకూ ఇప్పుడున్న మడతలకూ పొంతన లేకపోతే, అంటే పాత మడత చార ఒక పుల్ల పక్కన విడిగా కనిపిస్తే, పుల్లలు మారాయన్నమాట.

ఇంత పాత అలవాటా, విసనకర్ర మీద పటం వేయడం?

అవును. 16వ శతాబ్దపు జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయోషిదని చెప్పే ఒక విసనకర్ర ఒసాకా కోట మ్యూజియంలో ఉంది. దాని మీద జపాన్, కొరియా, చైనా పటం ఉంటుంది. 1592లో కొరియా మీదికి సైన్యాన్ని పంపింది ఆయనే.

దీవుల వివాదాల్లో ఈ విసనకర్ర సాక్ష్యంగా పనికొస్తుందా?

పనికిరాదు. ఇది దుకాణం ప్రకటన, అచ్చువాడు వేసిన రంగు. ఒప్పందం కాదు. ఆ కాలంలో జనానికి ఏ పటం చూపించారన్నది మాత్రం ఇది చెబుతుంది. చరిత్రకు అదీ అవసరమే.

మా ఇంట్లో ఉన్నదాన్ని విదేశాల్లో అమ్మొచ్చా?

భారత్‌లో ఉంటే ముందు చట్టం చూసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషేధం. వస్తువు జపాన్‌లో తయారైందన్న కారణంతో మినహాయింపు వస్తుందని అనుకోవద్దు. వందేళ్ళ లోపుదని మీరు అనుకుంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పుడు పైన చెప్పిన గుర్తుల ఫొటోలు, ముఖ్యంగా మంచుకువో లాంటి 1932 తర్వాతి సరిహద్దు, మీ మాటకు బలమవుతాయి. పుల్లలు ఏనుగు దంతానివైతే అసలు అమ్మకానికే పెట్టకండి. మన దేశంలో దంతం వ్యాపారం నేరం.

ఫొటో తీసేటప్పుడు విసనకర్రను బలవంతంగా పూర్తిగా తెరవకండి. మడతల దగ్గర కాగితం చిరిగేది అప్పుడే. తెరుచుకున్నంత వరకు తెరిచి, కొరియా, సఖాలిన్, కురిల్ దీవులు, తైవాన్, మంచూరియా ఉన్న చోట్ల దగ్గరి నుంచి ఒక్కో ఫొటో, వెనక వైపు ఒకటి తీస్తే చాలు.